శ్రీమతి ఆల్వా మిర్డాల్

గత సంవత్సరము పై తరగతి పిల్లలకు మేము చరిత్ర పాఠము చెప్పుచుండగా అణ్వస్త్రముల ప్రస్తావన వచ్చెను. 1945 ఆగస్టు మాసమున హిరోషిమా, నాగసాకి పట్టణములు ఏ విధముగా నాశనమయ్యెనో చెప్పి, తరువాత ఆ యాయుధములను అదుపులో నుంచుటకై జెనీవా పట్టణమున జరిగిన మహాసభను గూర్చి చెప్పుచుంటిమి. ఆ సభలో స్వీడను, మెక్సికో, బర్మా వంటి దేశములు కూడ కూర్చుండెనని వినగానే వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, బాంబు లేని దేశములకు ఆ సభలో ఏమి పని యని యడిగెను. తరగతి నవ్వెను. మేము నవ్వలేదు. ఆ ప్రశ్నకు మేమానాడు చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. కావున 1962 మొదలు 1973 వఱకు ఆ సభలో స్వీడను పక్షమున కూర్చున్న యొక స్త్రీ చరిత్రమును ఈ పత్రికలో వ్రాయ పూనుకొంటిమి. ఆ బాలిక దీనిని చదువునని మా యాశ.

స్వీడను ఐరోపా ఖండమునకు ఉత్తరభాగమున నున్నది. నేల విశాలమైనదే కాని 1960వ సంవత్సరమునాటికి అచ్చటి జనులు సుమారు 75 లక్షలు మాత్రమే. 1814 తరువాత ఆ దేశము యుద్ధము చేయలేదు. అట్లని అది భయమెఱుగని దేశము గాదు. బాల్టిక్ సముద్రమున కావలి యొడ్డున సోవియట్ రష్యా. పడమటి దిక్కున నార్వే, డెన్మార్కులు అమెరికాతో జతకట్టి నేటో కూటమిలో చేరినవి. నడుమనున్న స్వీడను ఏ కూటమిలోను చేరక చిరకాలము నిలిచెను. 2024వ సంవత్సరమున అదియు నేటోలో చేరినది గాని, మేము వ్రాయునది అంతకు పూర్వపు మాట.

ఆల్వా 1902 జనవరి 31వ తేదీన ఉప్సాలా పట్టణమున జన్మించెను. తండ్రి ఆల్బర్ట్ రైమర్ ఇండ్లు కట్టించు పని చేయువాడు; సహకార సంఘములయందును కార్మిక పక్షమునందును దృఢమైన నమ్మకము గలవాడు. తల్లి పేరు లోవా. ఐదుగురు బిడ్డలలో ఆల్వా పెద్దది. ఆ కుటుంబము పలుమారులు ఇల్లు మారి తుదకు ఎస్కిల్‌స్టూనా పట్టణ ప్రాంతమున స్థిరపడెను. తల్లికి క్షయరోగమన్న మహాభయము. గ్రంథాలయపు పుస్తకములు పదిమంది చేతులు మారి వచ్చును గనుక వాటితోపాటు రోగము కూడ వచ్చునని తలచి, వాటిని ఇంటికి తేరాదని ఆమె కట్టడి చేసెను. పుస్తకములపై ప్రాణము పెట్టుకొన్న పిల్లకు ఇంతకంటె కష్టమేమున్నది? అయినను ఆ తల్లిని నిందింప మాకు మనసొప్పదు. క్షయకు మందు లేని దినములవి.

రెండవ కష్టము పాఠశాల. ఎస్కిల్‌స్టూనాలోని ఉన్నత విద్యాలయము బాలురకు మాత్రమే. బాలికలకు ప్రాథమిక విద్య ముగిసిన పిమ్మట ద్వారము మూసియుండెను. ఆల్వా పన్నుల కచేరీలో గుమాస్తాగా చేరి జీతపు డబ్బు కూడబెట్టుకొనుచు, తండ్రిని విడువక బతిమాలుచుండెను. ఆయన పట్టణపు విద్యాసంఘములో సభ్యుడు. తుదకు ఆయన పూనికవలన కొందఱు బాలికలకు ప్రత్యేకముగా ఒక తరగతి యేర్పడెను. వారు బాలురతో కలిసి కూర్చుండ వీలులేదు. జీతము బాలురకంటె చాల హెచ్చుగా చెల్లింపవలెను. ఆ తరగతిలో చదివియే ఆల్వా విశ్వవిద్యాలయ ప్రవేశార్హత సంపాదించెను. మూసియున్న తలుపు నెదుట నిలిచి తిరిగి పోక, దానిని తెఱచువాడెవడో కనుగొని వాని వెంటబడుట ఆమెకు అప్పుడే యలవాటయ్యెనని మేము తలంచుచున్నాము. జెనీవాలో ఆమె చేసిన పనియు ఇట్టిదే.

1919వ సంవత్సరము వేసవిలో ముగ్గురు విద్యార్థులు సైకిళ్లమీద దేశము తిరుగుచు వచ్చి ఆ రాత్రి రైమర్‌గారి కొట్టములో పండుకొన సెలవడిగిరి. వారిలో నొకడు గున్నార్ మిర్డాల్. తరువాతి కాలమున అర్థశాస్త్రమున జగత్ప్రసిద్ధుడై 1974లో నోబెల్ బహుమానము పొందిన వాడితడే. 1924లో ఆల్వా స్టాక్‌హోము విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. ఆ సంవత్సరమే వారిరువురకు వివాహమయ్యెను. 1934లో దంపతులిద్దఱును కలిసి, స్వీడనులో జననములు తగ్గిపోవుటను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. బిడ్డలను కనుడని బోధించుటవలన ప్రయోజనము లేదనియు, బీదలకు మంచి యిల్లు, వైద్యము, బిడ్డలకు బడి, తల్లులకు ఉద్యోగరక్షణ కలిగించినగాని జనులు బిడ్డలను కోరరనియు వారి వాదము. దేశమంతట గొప్ప కలకలము పుట్టెను. తరువాత అందులోని సంగతులనేకము చట్టములయ్యెను.

ఉపాధ్యాయులమైన మాకు ప్రియమైన సంగతి మఱియొకటి. 1936లో ఆమె స్టాక్‌హోమున శిశుపాఠశాలల ఉపాధ్యాయినులకు ఒక శిక్షణ కళాశాల స్థాపించి, పండ్రెండేండ్లు తానే దానిని నడిపెను. పసిపిల్లలను కదలక కూర్చుండబెట్టుట విద్య గాదనియు, ఆటయే వారి పాఠమనియు ఆమె యచ్చట బోధించెను. ఇది నేడు మన బోధనాభ్యసన కళాశాలలలో ప్రతివారును చదువు మాటయే.

ఇచ్చట ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. దంపతులకు ముగ్గురు బిడ్డలు: యాన్ 1927లోను, సిస్సేలా 1934లోను, కాయ్ 1936లోను పుట్టిరి. గున్నార్ అమెరికాలో నీగ్రోజాతివారి స్థితినిగూర్చి పెద్ద పరిశోధన చేయుచుండగా కుటుంబమంతయు అచ్చటికి పోయెను. 1940 ఏప్రిల్ నెలలో జర్మనీ డెన్మార్కు, నార్వేలపై బడగా, ఆపత్కాలమున స్వదేశమున నుండవలెనని వారు తిరిగి వచ్చిరి. మఱుసటి సంవత్సరము గున్నార్ పని ముగించుటకు మరల అమెరికా వెళ్లెను. ఆల్వా బిడ్డలను స్వీడనులోనే విడిచి ఆయనను కలిసికొన వెళ్లెను. ఐరోపా యంతయు మండుచున్న సమయమది. పిల్లల పెంపకమును గూర్చి దేశమునకు బోధించిన స్త్రీ తన బిడ్డలను విడిచి సముద్రము దాటెనని లోకులు చెప్పుకొనిరి. కుమారుడు యాన్ పెద్దవాడై రచయితయైన పిదప ఈ బాధను మఱువలేదు. ఆ సంగతి ముందు వచ్చును.

1949లో ఆమె న్యూయార్కులోని ఐక్యరాజ్య సమితియందు సాంఘిక వ్యవహారముల శాఖకు పై యధికారిణిగా నియమింపబడెను. మఱుసటి సంవత్సరము ప్యారిస్ నగరమందలి యునెస్కోలో సమాజశాస్త్రముల శాఖకు అధ్యక్షురాలయ్యెను. 1953లో ఆమె సమితి పనిమీద న్యూయార్కులో దిగగా అమెరికా అధికారులు ఆమెను స్వేచ్ఛగా దేశమున ప్రవేశింపనీయక అడ్డగించిరి. సామ్యవాదులన్నచో ఆ దేశమున గుండెలు జలదరించుచున్న కాలమది. అనుమానమునకు సాక్ష్యముతో పని లేదు. అగ్రరాజ్యము భయపడినప్పుడు ఎట్లు ప్రవర్తించునో ఆమె యప్పుడే స్వయముగా చూచినది.

1955లో స్వీడను ప్రభుత్వము ఆమెను భారతదేశమునకు తన ప్రతినిధిగా పంపెను. ఆ దేశపు రాయబారులలో స్త్రీ ఆమెయే మొదటిది. బర్మా, సింహళము, నేపాళముల వ్యవహారములు కూడ ఆమె చేతిలోనే యుండెను. 1961 వఱకు ఆమె ఢిల్లీలో నుండి నెహ్రూగారికి స్నేహితురాలయ్యెను. 1954 ఏప్రిల్ నెలలోనే నెహ్రూగారు, ఒడంబడిక కుదురులోపల అణుపరీక్షలనైనను నిలిపివేయవలెనని లోకమునకు విన్నవించియుండిరి. అమెరికావారు పసిఫిక్ మహాసముద్రమున పేల్చిన హైడ్రోజను బాంబు బూడిద జపాను చేపల పడవవారిపై రాలిన సంవత్సరమది. రెండు కూటములలో దేనికిని చేరని దేశము గూడ గట్టిగా మాటలాడవచ్చునని ఆమె మన దేశమున కన్నులార చూచెను. మన దేశమున గడపిన యా యాఱు సంవత్సరములు ఆమె తరువాతి పనికి పునాది యని మా యభిప్రాయము.

1961లో ఆమె స్వదేశము చేరినప్పుడు వయస్సు 59 సంవత్సరములు. అనేకులు విశ్రాంతి తలంచు వయస్సు. అప్పటి విదేశాంగమంత్రి ఓస్టెన్ ఉండేన్ ఆమెను పిలిచి, నిరాయుధీకరణమును గూర్చి ఐక్యరాజ్య సమితిలో చెప్పదగిన దేమైన నున్నదేమో చూడుమని పని యప్పగించెను. ఆ విషయమున ఆమెకు అంతకు ముందు ప్రత్యేకమైన పాండిత్యము లేదు. బాంబులు, క్షిపణులు, భూకంపమాపక యంత్రములు, వీటన్నిటిని గూర్చి మొదటినుండి చదువవలసివచ్చెను. ఆమె శాస్త్రజ్ఞుల యొద్ద కూర్చుండి విద్యార్థినివలె నేర్చుకొనెను. ఆ శరత్కాలముననే ఉండేన్ పేరుమీద ఒక సూచన సమితిలో ప్రవేశపెట్టబడెను. అణ్వస్త్రములు లేని దేశములు, తాము వాటిని చేయకుండుటకును, ఇతరులవి తమ నేలపై నుంచనీయకుండుటకును ఏ షరతులపై నొప్పుకొనునో విచారింపవలెనని దాని సారాంశము. 1961 డిసెంబరు 4న సమితి దానిని తీర్మానముగా అంగీకరించెను. అదే దినమున ఐర్లండు దేశపు తీర్మానమొకటియు నెగ్గెను. అణ్వస్త్రములు కొత్త దేశములకు వ్యాపింపకుండ ఒడంబడిక చేయవలెనని అందుండెను. రెండును చిన్న దేశములు తెచ్చినవే.

1962 మార్చి 14న జెనీవాలో పదునెనిమిది దేశముల సభ ప్రారంభమయ్యెను. అమెరికా వైపు ఐదు, రష్యా వైపు ఐదు, నడుమ ఎనిమిది: బ్రెజిలు, బర్మా, ఈజిప్టు, ఇథియోపియా, ఇండియా, మెక్సికో, నైజీరియా, స్వీడను. ఫ్రాన్సు పిలువబడియు రాలేదు. దాని కుర్చీ ఖాళీగానే యుండెను. అమెరికా, రష్యాలు శాశ్వతముగా సహాధ్యక్షులు. అనగా జగడమాడుకొను వారే న్యాయాధిపతులు. ఈ యేర్పాటు శ్రీమతి మిర్డాల్‌కు ఎన్నడును నచ్చలేదు.

మొదటి చిక్కు పరీక్షల నిషేధము. 1961 అక్టోబరు 30న రష్యావారు నోవయా జెమ్ల్యా ద్వీపముపై, అప్పటికిని ఇప్పటికిని అన్నిటికంటె పెద్దదైన బాంబును పేల్చిరి. దాని బలము సుమారు 5 కోట్ల టన్నుల మందుగుండునకు సమానము. అట్టి ప్రేలుడులవలన పుట్టిన విషపుధూళి గాలిలో తిరిగి గడ్డిపై రాలును. పశువు ఆ గడ్డి తినును. దాని పాలలో స్ట్రాన్షియమను పదార్థము చేరి, పాలు త్రాగిన శిశువుల యెముకలలో నిలుచును. స్వీడను ఉత్తరమున రెయిన్‌డీర్ మృగములను పెంచి బ్రతుకు సామీ జాతివారి శరీరములలోను ఈ ధూళి చేరెను. బాంబు చేయని దేశము బాంబు చేసిన దేశముతోపాటు విషము త్రాగుచుండెను. మా తరగతిలోని బాలిక ప్రశ్నకు మేమానాడు ఈ మాట చెప్పియుండవలసినది.

పరీక్షలు మానుటకు ఇరుపక్షములును మాటవరుసకు ఒప్పుకొన్నను, రెండవవాడు దొంగతనముగా పేల్చినచో తెలియుటెట్లు? గాలిలో పేలినది దాగదు. భూమిలోపల పేల్చినది భూకంపమువలె కనబడును. కావున తనిఖీదారులు వచ్చి చూడవలెనని అమెరికా పట్టుబట్టెను. తనిఖీ యనునది గూఢచారులకు మాఱుపేరని రష్యా నిరాకరించెను. ఇరువురి మాటలోను కొంత నిజముండెను. 1962 ఏప్రిల్ 16న ఆ యెనిమిది దేశములు కలిసి యొక పత్రము సమర్పించెను. ఏ దేశమునకు ఆ దేశము తన భూకంప కేంద్రముల లెక్కలను ఇయ్యవలెననియు, ఏ పక్షమునకు జెందని శాస్త్రజ్ఞుల సంఘమొకటి వాటిని పరీక్షింపవలెననియు, అనుమానము కలిగిన చోట ఆ దేశమే సంఘమును పిలిచి తన నిర్దోషిత్వము చూపుకొనవచ్చుననియు అందలి యూహ. భారతదేశ ప్రతినిధి అర్థర్ లాల్‌గారును ఈ పనిలో నుండిరి. ఇరుపక్షములును దానిని తోసివేయలేకపోయెను. అయితే ఒక్కొక్కరు తమకు అనుకూలమైన అర్థము చెప్పుకొనిరి.

ఆ అక్టోబరులో క్యూబా ద్వీపమువలన లోకము యుద్ధపుటంచునకు వచ్చి వెనుకకు తిరిగెను. అటుపిమ్మట బేరము సంఖ్యలలో పడెను. ఏడాదికి రెండు మూడు తనిఖీలకు రష్యా యొప్పుకొనెను. ఏడు కావలెనని అమెరికా యనెను. మూడునకు ఏడునకు నడుమ మానవజాతి క్షేమము చిక్కుకొని యుండెను! ఆ భేదము తీఱలేదు. 1963 ఆగస్టు 5న అమెరికా, బ్రిటను, రష్యాలు మాస్కోలో సంధి చేసికొనినవి గాని, అది గాలిలోను, నీటిలోను, అంతరిక్షమునను మాత్రమే పరీక్షలు నిషేధించెను. భూమిలోపలి పరీక్షలకు అడ్డులేకపోయెను. లోకమంతయు సంతోషించెను. పాలలోని విషము తగ్గినది నిజమే. శ్రీమతి మిర్డాల్ సంతోషించియు మోసపోలేదు. ప్రజల భయము తగ్గగా పరీక్షలు భూమిక్రింద నిశ్శబ్దముగా సాగునని ఆమె గ్రహించెను, అట్లే జరిగెను.

అటుపిమ్మట ఆమె చేసిన పనియే మాకు అన్నిటికంటె గొప్పదిగా తోచుచున్నది. తనిఖీ లేనిదే నిషేధము సాధ్యము గాదనువారికి వాదముతో గాక విద్యతో సమాధానము చెప్పదలచెను. భూకంపము నేల జాఱుటవలన పుట్టును. ప్రేలుడు ఒక్క బిందువునుండి నలుదిక్కులకు త్రోయును. రెండింటి యలలు యంత్రములపై వేఱువేఱు రేఖలు గీయును. లోతుననుండి వచ్చు మొదటి యలల బలమును, నేలపై ప్రాకు అలల బలమును సరిపోల్చినచో భేదము కనబడును. ఒక కేంద్రమునకు తెలియనిది అనేక కేంద్రములు లెక్కలు మార్చుకొనిన తెలియును. 1966లో స్వీడను ఈ మార్పిడికై పలుదేశముల నిపుణులను సమావేశపఱచెను. 1969లో హాగ్‌ఫోర్స్ అను చోట భూకంప పరిశీలనాలయము నెలకొల్పబడెను. ఆ సంవత్సరమే భూగర్భ పరీక్షల నిషేధమునకు తగిన సంధి నిబంధనలను స్వీడను జెనీవా సభలో సమర్పించెను. పెద్దల యొద్ద సైన్యము కలదు, మధ్యరకపు దేశము యొద్ద లెక్క కలదు. ఆ లెక్క తప్పని ఎవరును అనలేకపోయిరి. కాని సంధి కుదరలేదు.

ఇట్టి యుద్దేశముతోనే స్టాక్‌హోము శాంతి పరిశోధనాలయము కూడ పుట్టెను. స్వీడను 150 సంవత్సరములు యుద్ధము లేక గడపినందుకు గుర్తుగా నొక సంస్థ కావలెనని 1964లో ప్రధానమంత్రి టాగే ఎర్లాండర్ సూచించెను. దాని రూపమును నిర్ణయించిన సంఘమునకు శ్రీమతి మిర్డాల్ అధ్యక్షురాలు. 1966లో అది స్థాపితమైనప్పుడు మొదటి పాలకసంఘాధ్యక్షురాలును ఆమెయే. ఏ దేశము ఆయుధములకు ఎంత వెచ్చించుచున్నదో, ఎవరు ఎవరికి అమ్ముచున్నారో అది సంవత్సరగ్రంథములలో ప్రకటించుచు వచ్చుచున్నది. మన వార్తాపత్రికలును ఆ లెక్కలను తఱచుగా ప్రకటించును.

ఇక ఆమె స్వగృహములోని మాట. ఇతరులకు బాంబు వలదని చెప్పు స్వీడను తానేమి చేయుచుండెను? చదువరులు ఆశ్చర్యపడుదురు గాక, ఆ దేశము తానును బాంబు చేయవలెనని చిరకాలము తలంచెను. 1945 నుండియే అచ్చటి రక్షణ పరిశోధకులు ఆ విద్య నభ్యసించుచుండిరి. 1954లో సర్వసేనాని బాంబు కావలెనని బహిరంగముగా కోరెను. ప్రధానమంత్రియే మొదట దానికి సుముఖుడు. పక్షము చీలునంతటి వాదము జరిగెను. ఆ పక్షపు స్త్రీల సమాఖ్య 1956లో వలదని గట్టిగా నిలిచెను. విదేశాంగమంత్రి ఉండేనును వారివైపే. నిర్ణయము వాయిదా పడుచు వచ్చెను. వాయిదా పడగా పడగా ఆ కోరిక యెండిపోయెను. ఆల్వా ఈ జగడపు మొదటి యంకమున ఢిల్లీలో నుండెను గనుక, ఆ గౌరవమంతయు ఆమెకే యిచ్చుట సత్యము గాదు. ఆమె జెనీవాలో చేసిన ప్రతి ప్రసంగమును స్వదేశమున బాంబు కోరువారి కాళ్లక్రింది నేలను కొంత తొలగించెననుట మాత్రము సత్యము. 1968లో స్వీడను అణ్వస్త్రవ్యాప్తి నిరోధక సంధిపై సంతకము చేసెను. 1970లో దానిని స్థిరపఱచెను. చేయగలిగియుండియు చేయనివాని మాటకు సభలో వేఱు బరువుండును.

ఆ సంధియం దామెకు పూర్ణసంతోషము లేదు. 1967 ఆగస్టులో అమెరికా, రష్యాలు ఏకాంతమున కూడబలుకుకొని ఒకే నమూనాను సభముందు పెట్టిరి. బాంబు లేనివారు ఎన్నడును చేయరాదు, తనిఖీకి లోబడవలెను, ఉన్నవారు ఉంచుకొనవచ్చును. ఇది తాగుబోతులు ఇతరులకు మద్యనిషేధము బోధించినట్లున్నదని మాకు తోచుచున్నది. మెక్సికో మొదలగు దేశముల పట్టుదలవలన, ఉన్నవారును తగ్గించుకొనుటకు సద్బుద్ధితో సంప్రదింపులు జరుపవలెనను ఆఱవ నిబంధన అందు చేరెను. భారతదేశము ఈ యసమానతను కారణముగా చెప్పి సంతకము చేయలేదు. స్వీడను అసమానతను ఖండించుచునే సంతకము చేసెను. ఇరువురు మిత్రులు ఒకే దోషమును చూచి రెండు త్రోవల బోయిరి. వీరిలో నెవరిది సరి యనుటకు మా ఉపాధ్యాయుల గదిలోనే ఏకాభిప్రాయము లేదు.

1967 నుండి ఆమె మంత్రివర్గములో చేరి నిరాయుధీకరణ బాధ్యత వహించెను. కొంతకాలము దేవాలయ వ్యవహారములును ఆమె క్రిందనే యుండెను. వియత్నాము యుద్ధములో అమెరికా సైన్యము కన్నీటివాయువును, చెట్లు మాడ్చు మందులను వాడుచుండెను. 1925 నాటి జెనీవా ప్రతిజ్ఞ వీటికి వర్తింపదని ఆ ప్రభుత్వము వాదించెను. వర్తించునని స్వీడను సమితిలో తీర్మానము నడిపించెను. 1969 డిసెంబరున 80 దేశములు దాని పక్షమున, 3 దేశములు మాత్రమే ఎదురుగా మత మిచ్చెను. 36 దేశములు ఊరకుండెను.

1973లో పదవులనుండి తొలగి, పండ్రెండేండ్ల యనుభవమును 1976లో నొక గ్రంథముగా వ్రాసెను. అగ్రరాజ్యములు నిజముగా నిరాయుధీకరణము కోరుట లేదనియు, ఒకరికొకరు ఒప్పుకొనరాని షరతులు పెట్టి ఆటలాడుచున్నారనియు ఆమె అందు మొగమోటము లేక చూపెను. చిన్న దేశములును తప్పులేనివి కావనెను. అవి భయపడి సమయమునకు నోరు మెదపకపోవుటయు ఆ యాటను సాగనిచ్చెనని ఆమె నింద. 1981లో భారతప్రభుత్వము దంపతులిరువురకును నెహ్రూ పురస్కారము నిచ్చెను. 1982 ఆరంభమున నార్వే ప్రజలు తామే యొక శాంతి బహుమాన మేర్పఱచి ఆమె కిచ్చిరి. ఆ సంవత్సరమే నోబెల్ శాంతి బహుమానము ఆమెకును, మెక్సికో రాయబారి అల్ఫోన్సో గార్సియా రోబ్లెస్‌కును కలిపి యియ్యబడెను. ఈయన 1967లో లాటిన్ అమెరికా యంతటను అణ్వస్త్రములను నిషేధించు సంధిని కుదిర్చినవాడు, జెనీవాలో ఆమెతోటివాడు.

ఆ 1982లోనే కుమారుడు యాన్ తన బాల్యమును గూర్చి పుస్తకము ప్రకటించెను. తలిదండ్రులు లోకము కొఱకు పనిచేసి తన్ను విడిచిరని అందు నిష్ఠురముగా వ్రాసెను. బహుమానపు వార్తయు ఈ నిందయు ఒకే కాలమున ఆ యింటికి వచ్చెను. 80 ఏండ్ల తల్లి దీనివలన మిక్కిలి దుఃఖించెను. కుమార్తె సిస్సేలా తరువాత తల్లి చరిత్రమును వేఱు కన్నుతో, ప్రేమతోను సత్యముతోను వ్రాసెను. తల్లిదండ్రులైన చదువరులు ఈ రెండు సాక్ష్యములలో దేనిని నమ్ముదురో మేము చెప్పజాలము. రెండును నిజము కావచ్చును.

చివరి కాలమున రోగమువలన ఆమెకు మాట తప్పిపోయెను. జీవితమంతయు మాటతోనే పోరాడిన స్త్రీకి పదములు దొరకని స్థితి కలిగెను. 1986 ఫిబ్రవరి 1న, 84వ పుట్టినదినము గడచిన మఱునాడు, ఆమె మరణించెను. గున్నార్ మఱుసటి సంవత్సరము మే నెలలో కాలము చేసెను.

స్వీడను పూనికతో 1976లో జెనీవా సభ యొక శాస్త్రజ్ఞుల సంఘము నేర్పఱచి యుండెను. భూకంప లెక్కలను దేశదేశముల నుండి తెప్పించి సరిచూచు విధానమును వారు ఇరువది యేండ్లు సాధన చేసిరి. 1996లో సర్వపరీక్షల నిషేధ సంధి సిద్ధమైనప్పుడు ఆ విధానమే దాని కాధారమయ్యెను. అమెరికా, చైనాలు సంతకము చేసియు దానిని స్థిరపఱుపలేదు. భారతదేశము సంతకమే చేయలేదు. కావున ఆ సంధి పూర్తిగా అమలులోనికి రాలేదు. దాని కాపలా మాత్రము ఆగలేదు. భూమిలోను సముద్రములోను గాలిలోను చెవియొగ్గి వినుటకు 321 కేంద్రములు దానిలో నిర్ణయింపబడినవి. వాటిలో హాగ్‌ఫోర్స్ ఒకటి.